కారు షాక్ అబ్జార్బర్లు: అరుగుదల, గుర్తింపు, మార్పిడి

కారు చక్రానికీ బాడీకీ మధ్య, స్ప్రింగు పక్కనో స్ప్రింగు చుట్ల నడుమనో ఇమిడి ఉండే నూనె గొట్టమే షాక్ అబ్జార్బర్. మెకానిక్కుల నోట ఇది షాకర్, లేదా ఉత్త షాక్. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డప్పుడు నొక్కుకుపోయి దెబ్బను మింగేదీ అదే. అలా నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచి, మళ్లీ దిగి, ఊగుతూ ఉండిపోకుండా ఆపడం షాక్ అబ్జార్బర్ వంతు. ప్రయాణం మెత్తగా సాగడం కోసమే ఇది ఉందని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద పని దానికి ఇంకొకటుంది: టైరు రోడ్డును విడవకుండా చూడటం. బ్రేకైనా, స్టీరింగైనా, ఇంజను బలమైనా చివరికి పనిచేసేది ఒక్కో టైరు కింద నేలను తాకే కాస్త రబ్బరు మీదే. అందుచేత షాక్ అబ్జార్బర్ అరిగిందో లేదో తేల్చాలంటే సుఖం తగ్గిందా అన్న ప్రశ్న కంటే పట్టు తగ్గిందా అన్న ప్రశ్నే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈ భాగం పాడైన సంగతి ఆలస్యంగా బయటపడటానికి కారణం దాని నెమ్మదే. టైరు పంక్చరైతే వెంటనే తెలుస్తుంది, బ్రేకు ప్యాడు అరిగితే కీచుమంటుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీరసిస్తుంది. నడిపేవాడి చేయి ఆ మార్పుకు అలవాటుపడిపోతుంది. మలుపు దగ్గర వేగం తగ్గించడం, బ్రేకు కాస్త ముందుగా తొక్కడం తనకు తెలియకుండానే జరిగిపోతాయి. చాలా ఇళ్లలో కారు ఊగుతోందని మొదట చెప్పేది ఎప్పుడో ఒకసారి స్టీరింగు పట్టుకునే బావమరిదో, సర్వీసు సెంటర్ డ్రైవరో.

లోపలి నిర్మాణం

ఉక్కు గొట్టం, అందులో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్ నుంచి పైకి క్రోమ్ పూత ఉన్న రాడ్డు, రాడ్డు బయటికొచ్చే చోట రబ్బరు సీలు. చక్రం లేచినా దిగినా నూనె పిస్టన్‌లోని సన్నటి దారుల గుండా, వాటి మీద పరిచిన పలచటి ఉక్కు బిళ్లలను వంచుకుంటూ అటూ ఇటూ పోవాలి. ఆ ఒరిపిడిలో ఊగుడు శక్తి వేడిగా మారి, గొట్టం గోడల నుంచి గాలిలో కలిసిపోతుంది. పిస్టన్ ఎంత వేగంగా కదిలితే నూనె అంత గట్టిగా అడ్డుపడుతుంది. సాగేటప్పుడు ఎదురయ్యే అడ్డు, నొక్కుకునేటప్పటి దానికంటే ఎక్కువగా, తరచు రెండు మూడు రెట్లు ఉండేలా అమరుస్తారు. ఎత్తును ఎక్కే చక్రాన్ని గట్టిగా అడ్డుకుంటే ఆ దెబ్బ నేరుగా సీటుకు చేరుతుంది. ఆ తర్వాత స్ప్రింగు విసిరే బాడీని ఆపడానికి మాత్రం గట్టి చేయి కావాలి.

రాడ్డు లోపలికి దిగినప్పుడు అంత పరిమాణంలో నూనె ఎక్కడికో పోవాలి. ఈ చిక్కును విడదీసే తీరును బట్టి రెండు రకాలు వచ్చాయి. జంట గొట్టాల రకంలో లోపలి గొట్టం చుట్టూ మరో గొట్టం ఉంటుంది; మిగులు నూనె అడుగు కవాటం గుండా అందులోకి చేరుతుంది. ఆ బయటి గొట్టంలో నూనెపైన గాలి గానీ, తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ గానీ ఉంటుంది. ఒంటి గొట్టం రకంలో నూనెనూ నైట్రోజన్‌నూ ఒక తేలే పిస్టన్ విడదీస్తుంది. వాయువు ఒత్తిడి సాధారణంగా 20 నుంచి 30 బార్ దాకా ఉంటుంది. ఒత్తిడి ఉన్నంతకాలం నూనెలో నురగ పుట్టదు. నురగ పుట్టిన నూనెకు అడ్డుకునే శక్తి ఉండదు కాబట్టే ఈ ఏర్పాటు.

మోటారు బండ్ల తొలి రోజుల్లో నూనె లేదు, రాపిడి బిళ్లలే ఉండేవి. ఫ్రాన్స్‌లో ట్రుఫో రూపొందించిన ఆ రకాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అమ్మాడు. నూనెతో పనిచేసేవాటికి దారి వేసినవారిలో మోరిస్ ఉడాయ్ అనే ఫ్రెంచివాడు ముఖ్యుడు. ఒంటి గొట్టం, అధిక ఒత్తిడి వాయువు ఆలోచన కూడా ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బాన్‌దే. జర్మనీకి చెందిన బిల్‌స్టైన్ సంస్థ దాన్ని 1957లో మెర్సిడెస్ కార్లకు అందించింది. షాక్ అబ్జార్బర్‌నే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా మార్చిన ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మెకానిక్కులకు నేటికీ పరిచయమే. ఆయన పేరిట పిలిచే స్ట్రట్ 1950లో బ్రిటన్ ఫోర్డ్ కార్లలో ఉత్పత్తికి వచ్చింది, 1983 డిసెంబరులో మన రోడ్లెక్కిన మారుతి 800 ముందు చక్రాలకూ అదే. మన దేశంలో ఈ భాగాల తయారీలో పాతకాపు 1961లో మొదలైన గాబ్రియేల్ ఇండియా.

అరిగేది ఎలా

మొదట దెబ్బతినేది సీలు. రాడ్డును కప్పే రబ్బరు తొడుగు చిరిగితే దుమ్ము, బురద రాడ్డుకు అంటుకుని ప్రతి కదలికలోనూ సీలు పెదవిని గీస్తాయి. క్రోమ్ మీద తుప్పు చుక్క పడితే అది చిన్న ఆకురాయిలా పనిచేస్తుంది. నూనె కారడం మొదలైన తర్వాత లోపల ఖాళీ పెరుగుతుంది, నూనెలో గాలి కలుస్తుంది, అడ్డు తగ్గుతుంది. బయటికి చుక్క కారకపోయినా పాడయ్యే దారులు వేరే ఉన్నాయి: వంగి వంగి అలసిన ఉక్కు బిళ్లలు, పిస్టన్ చుట్టూ అరిగిన పట్టీ, తప్పించుకుపోయిన వాయువు. "నూనె కారడం లేదు కదా, బాగానే ఉంది" అన్న మాటను అందుకే పూర్తిగా నమ్మలేం.

ఆయువును కిలోమీటర్లలో చెప్పడం కష్టం. 20,000 కి.మీ.కు ఒకసారి చూపించుకోమని, 80,000 కి.మీ. దగ్గర మార్చే ఆలోచన చేయమని తయారీదారులు తరచు సలహా ఇస్తారు. తారు రోడ్డు మీద ఒంటరిగా ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకూ, తొమ్మిదిమందితో పల్లె దారుల్లో తిరిగే షేర్ టాక్సీకీ ఒకే లెక్క వర్తించదు. భారత రోడ్డు కాంగ్రెస్ మార్గదర్శకం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కి.మీ. వేగంతో దాటగలిగేలా గుండ్రంగా ఉండాలి. కాలనీవాసులు రాత్రికి రాత్రి పోయించుకునే సిమెంటు గట్టుకు ఆ కొలతలు పట్టవు. అలాంటివి రోజుకు నాలుగైదు దాటే కారులో షాక్ అబ్జార్బర్ మాటిమాటికీ తన కదలిక హద్దుకు వెళ్లి రబ్బరు అడ్డును గుద్దుకుంటుంది.

మన దగ్గర ఇంకో అలవాటుంది. కారు కింద తగులుతోందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టిస్తారు. కారు కాస్త లేస్తుంది, నిజమే. కానీ పనిచేసే చుట్లు తగ్గి స్ప్రింగు గట్టిపడుతుంది. అంత గట్టి స్ప్రింగును అదుపు చేసే లెక్కతో ఆ షాక్ అబ్జార్బర్ తయారు కాలేదు. నీరసపడుతున్న షాక్‌లకు ఇది అదనపు భారం. పైగా కారు కుంగడం ఆగడంతో అంతా చక్కబడిందన్న భ్రమ మిగులుతుంది.

లక్షణాలు

బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ముక్కు నేలకు వంగడం, బయలుదేరేటప్పుడు వెనక భాగం చతికిలబడటం, మలుపులో ఒక పక్కకు ఎక్కువగా ఒరగడం, పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు గాలికి కారు తూలడం: ఇవన్నీ బాడీ మీద అదుపు సడలిందనడానికి గుర్తులు. రాత్రిపూట సమతలంగా ఉన్న రోడ్డు మీద కూడా హెడ్‌లైటు వెలుగు పైకీ కిందకీ ఊగుతుంటే అదీ ఇందులో చేరుతుంది.

స్పీడ్ బ్రేకర్ దాటాక కారు ఎన్నిసార్లు ఊగుతోందన్నది అందరూ గమనించగలిగిన గుర్తు. బాడీ తన స్ప్రింగుల మీద మామూలుగా సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. గంటకు 80 కి.మీ. వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. వంతెన అతుకు మీద లేచిన కారు సర్దుకోవడానికి మూడు ఊపులు పట్టిందంటే, 44 నుంచి 66 మీటర్ల మేర టైర్ల మీది బరువు పెరుగుతూ తగ్గుతూ ఉందన్నమాట. ఆ దూరంలోనే గేదె అడ్డం వస్తే బ్రేకు ఎంత మంచిదైనా, బరువు తగ్గిన క్షణంలో టైరు జారుతుంది. ఏబీఎస్ ఉన్న కార్లకూ ఇందులో మినహాయింపు లేదు. నేలను సరిగా అంటని చక్రాన్ని ఏబీఎస్ కూడా ఆపలేదు. గతుకుల మీద బ్రేకు దూరం మరీ పెరుగుతుంది.

బాడీ ఊగుడు కంటికి కనిపిస్తుంది, చక్రం ఎగురుడు కనిపించదు. అసలు ప్రమాదం అక్కడుంది. చక్రం, దాని ఇరుసు భాగాలు కలిసి సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగరగల స్వభావం ఉన్నవి. చిన్న కారు టైరు ఒక చుట్టుకు దాదాపు 1.9 మీటర్లు దొర్లుతుంది. గంటకు 80 కి.మీ. దగ్గర అది సెకనుకు దాదాపు పన్నెండు చుట్లు. అంటే హైవే వేగంలో చక్రం తిరిగే లయా, అది ఎగరాలనుకునే లయా దగ్గరపడతాయి. చక్రంలో బ్యాలెన్సు కొంచెం తప్పినా చుట్టుకొక తన్ను పడుతుంది. బాగున్న షాక్ అబ్జార్బర్ ఆ తన్నును అక్కడే చంపేస్తుంది. అరిగినదైతే చక్రం సన్నగా గంతులేస్తూ పోతుంది. వాలిన చోటల్లా రబ్బరు ఒరుసుకుంటుంది.

టైరు చుట్టూ విడివిడిగా పడే పల్లాలు ఇలా పుట్టినవే. టైర్ల షాపువాళ్లు దీన్ని కప్పింగ్ అంటారు. కంటికంటే చేతికి బాగా దొరుకుతుంది: ఆగిన కారు టైరు మీద అరచేయి చుట్టూ పోనిస్తే ఎత్తుపల్లాలు తగులుతాయి. నడిచేటప్పుడు వేగంతో పాటు పెరిగే హోరు వినిపిస్తుంది, చాలాసార్లు దాన్ని బేరింగు శబ్దమని పొరబడతారు. టైరు ఒక అంచే అరిగితే అలైన్‌మెంటును, నడుమ అరిగితే ఎక్కువ గాలిని, రెండంచులూ అరిగితే తక్కువ గాలిని అనుమానించాలి. చుట్టూ మచ్చలు మచ్చలుగా అరిగితేనే వేలు షాక్ అబ్జార్బర్ వైపు, చక్రం బ్యాలెన్సు వైపు చూపుతుంది. కొత్త టైర్లు వేయించి పాత షాక్‌లను అలాగే ఉంచేవారికి కొన్ని నెలల్లో మళ్లీ అదే హోరు.

పొరబాటు పడే చోట్లు

అరిగిన షాక్‌లను పట్టించుకోకపోవడం ఒక ఎత్తు, బాగున్నవాటిని మార్చేయడం మరో ఎత్తు. రెండోది మన గ్యారేజీల్లో తక్కువేమీ కాదు. ముందు నుంచి "టక్ టక్" శబ్దం వస్తే షాక్ పోయిందని తేల్చేస్తారు. చిన్న గతుకుల మీద వచ్చే ఆ శబ్దానికి ఎక్కువసార్లు మూలం స్టెబిలైజర్ లింక్ రాడ్డు, దాని ఖరీదు షాక్‌తో పోలిస్తే చాలా తక్కువ. స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి వదిలినట్టు చప్పుడైతే స్ట్రట్ పైన ఉండే మౌంటింగు బేరింగును చూడాలి. లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింటు కూడా ఇలాంటి చప్పుళ్లే చేస్తాయి. షాక్ అబ్జార్బర్ లోపల పాడైతే చాలాసార్లు ఏ శబ్దమూ రాదు.

కారు ఒక మూల కుంగి ఉందంటే ముందుగా అనుమానించాల్సింది స్ప్రింగునే: అది అలసిపోయి ఉండాలి, లేదా అడుగు చుట్టు విరిగి ఉండాలి. వాయువు నింపిన షాక్ కారును కాస్త ఎత్తుతుందే తప్ప బరువు మోయదు. స్టీరింగు ఒక పక్కకు లాగడమూ సాధారణంగా షాక్ నేరం కాదు. అయితే పెద్ద గుంతలో పడి మెక్‌ఫర్సన్ స్ట్రట్ వంగిన సందర్భం వేరు. అప్పుడు చక్రం నిలబడే వాలు మారి లాగుడు మొదలవుతుంది.

నూనె విషయంలోనూ తొందర కూడదు. రాడ్డుకు పట్టే సన్నటి నూనె పొర సీలు తడిగా ఉండటానికి అవసరం. దాని మీద దుమ్ము చేరి గొట్టం పైభాగం మసకగా, చెమ్మగా కనిపిస్తే భయపడనక్కర్లేదు. గొట్టం సగం దాకా తడిసి, వేలికి నూనె అంటుతూ, చుక్కలుగా దిగుతుంటే అది కారడమే. అలా కారేదాన్ని మార్చక తప్పదు.

పరీక్షలు

అందరికీ తెలిసినది మూల నొక్కి వదిలే పరీక్ష. కారు ఒక మూలను బరువంతా వేసి నొక్కి వదిలితే అది పైకి లేచి, ఒక్కసారి సర్దుకుని ఆగాలి; రెండు మూడుసార్లు ఊగితే షాక్ పోయినట్టే. పోయిన షాక్‌ను ఇది పట్టిస్తుంది, పోతున్నదాన్ని పట్టించదు. చేత్తో నొక్కినప్పుడు పిస్టన్ సెకనుకు పాతిక సెంటీమీటర్ల వేగాన్ని మించడం అరుదు, గుంతలో దాని వేగం అందుకు ఎన్నో రెట్లు. చేతి పరీక్షలో నెగ్గిన షాక్ హైవే మీద చక్రాన్ని పట్టలేకపోవచ్చు.

పాత మెకానిక్కుల చిట్కా ఒకటి దీనికంటే మెరుగు. గతుకుల దారిలో పది పదిహేను నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే ఒకే ఇరుసు మీది రెండు షాక్‌ల గొట్టాలను జాగ్రత్తగా తాకి చూస్తారు. ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉంటే చల్లనిది పని మానేసింది. బ్రేకు డిస్కు, సైలెన్సరు గొట్టం చేతికి తగలకుండా చూసుకోవాలి.

యంత్రాల్లో యూరప్ షాక్ అబ్జార్బర్ తయారీదారుల సంఘం, యూసామా, పేరున్న పద్ధతి ప్రసిద్ధం. చక్రాన్ని నిలిపిన పలకను 6 మిల్లీమీటర్ల మేర, సెకనుకు 25 సార్ల దాకా కదిలించి నెమ్మదిగా ఆపుతారు. ఆ క్రమంలో టైరు పలకను అతి తక్కువగా నొక్కిన క్షణపు బరువు, నిలకడ బరువులో ఎంత శాతమో యంత్రం చూపుతుంది. 60 పైన ఉంటే చాలా మంచిదని, 40 నుంచి 60 మంచిదని, 20 నుంచి 40 బలహీనమని, 20 లోపు ప్రమాదమని లెక్క. నేరుగా టైరు పట్టునే కొలవడం దీని గొప్ప. టైరులో గాలి, కారు బరువు ఫలితాన్ని మార్చేస్తాయన్నది దీని లోపం. అందుకే అంకె కంటే కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది.

జర్మనీలో కొత్త కారుకు మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ ఉంటుంది. బ్రిటన్‌లో మూడేళ్ల తర్వాత ప్రతి ఏటా. నూనె కారే షాక్ అక్కడ కాగితం మీదికి ఎక్కుతుంది. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. అంతకాలం ఎవరూ అడగరు. కారు యజమానే పట్టించుకోవాలి.

మార్పిడి

ఒక ఇరుసు మీది రెండింటినీ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపులో రెండు పక్కలూ వేర్వేరుగా స్పందిస్తాయి. వాటితో పాటు దుమ్ము తొడుగు, రబ్బరు అడ్డు, ముందు వాటికైతే పై మౌంటింగు కొత్తవి వేయించుకోవడం మేలు. విప్పే కూలీ ఒకటే, ఆ రబ్బరు ముక్కల కోసం మళ్లీ విప్పించుకోవడం దండగ.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ మార్చడం ఇంట్లో చేసుకునే పని కాదు. నొక్కిపట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీయగలదు. సరైన స్ప్రింగు కంప్రెసర్ లేని గ్యారేజీలో, తాళ్లతో కట్టి విప్పేవాళ్ల దగ్గర ఈ పని చేయించకూడదు. చేతిపనిలో కొన్ని సూక్ష్మాలు కొత్త షాక్ ఆయువును తేల్చేస్తాయి. పడుకోబెట్టి నిల్వచేసిన జంట గొట్టాల షాక్‌ను బిగించే ముందు నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి, లోపలి గొట్టంలో చేరిన గాలి అప్పుడు పోతుంది. రాడ్డు తిరగకుండా ప్లయర్‌తో పట్టుకుంటే క్రోమ్ గీతలు పడి నెలల్లోనే సీలు చిరుగుతుంది. బుష్‌లున్న బోల్టులను కారు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉంటుంది. ముందు స్ట్రట్‌లు మార్చాక వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి.

రీకండిషన్ చేసిన షాక్‌ల గురించి ఒక మాట. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత భాగాన్ని బాగుచేసి వాడే నేర్పు మెచ్చుకోదగినదే. మరతో విప్పగలిగే పాతకాలపు షాక్‌లకు సీలు, నూనె మార్చడం సరైన మరమ్మతు. నేటి కార్లవి అంచు మడిచి మూసినవి. వాటిని కోసి, దొరికిన నూనె పోసి, వెల్డింగు చేసి రంగు వేస్తే పైకి కొత్తగా కనిపిస్తాయి. అరిగిన బిళ్లలు అలాగే ఉంటాయి, వాయువు తిరిగి చేరదు. వాయువున్న గొట్టాన్ని వేడి చేయడం ఆ పనివాడికే ప్రమాదం. ఇలాంటివి కొనకపోవడమే మంచిది.

ఇన్సూరెన్సు అరుగుదలకు డబ్బివ్వదు. ప్రమాదంలో స్ట్రట్ వంగితే మాత్రం తరుగు మినహాయించి చెల్లిస్తుంది.

కొత్త రకాలు

గతుకుల వేగాన్ని బట్టి తమంతట తామే మెత్తబడే, గట్టిపడే షాక్‌లు ఇప్పుడు మన కార్లలోనూ ఉన్నాయి. జీప్ కంపాస్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వాడేవి ఈ తరహావి. ఇవి కరెంటు లేకుండా, కేవలం కవాటాల అమరికతో పనిచేస్తాయి. 2021లో భారత్‌కు వచ్చిన సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్‌లో కదలిక చివర రబ్బరు అడ్డు బదులు నూనె అడ్డు ఉంటుంది. 2002లో కాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌తో మొదలైన అయస్కాంత రకంలో నూనెలో సన్నటి ఇనుప రేణువులు కలుపుతారు. కరెంటు పారినప్పుడు ఆ నూనె క్షణంలో చిక్కబడుతుంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఇలాంటి కారు మూల నొక్కి చూసి చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. తీగ తెగినా, సెన్సరు పోయినా డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, స్కానర్ పెట్టి చదవాల్సి వస్తుంది. సీలు చిరిగి నూనె కారడం మాత్రం వీటిలోనూ ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఇప్పటికీ కారును లిఫ్టు మీదికెక్కించి, టార్చి వేసి చూడాల్సిందే.